పేరు అడగని మాస్టారు

ఆదివారం ప్రార్థన ముగిశాక చర్చి మెట్ల మీద ఫోను తీస్తే, మా స్టాఫ్ గ్రూపులో ఒకే ఒక వాక్యం కనిపించింది. సోషల్ మాస్టారు పోయారు. ఒంగోలులో కూతురింటికి వెళ్లి, అక్కడే గుండెపోటుతో పోయారట. రిటైరై ఇంకా ఏడాది నిండలేదు. కింద అందరూ దండం పెట్టే బొమ్మలు పెట్టారు. నాకేం పెట్టాలో తోచక ఫోను సంచిలో పడేశాను.

చిలకలూరిపేట అవతల మిరప, పత్తి చేల మధ్య మా హైస్కూలు. నేను సైన్సు చెబుతాను, ట్యాబుల బాధ్యత కూడా నాదే. అవి వచ్చిన కొత్తలో పాడవుతాయని మేమంతా బీరువాలో పెట్టి తాళం వేస్తే, రిటైర్మెంటు దగ్గరపడిన ఆ మనిషి పట్టుబట్టి తీయించారు. ఒక్క వేలితో టైపు కొట్టేవారు. గోడ మీది పెద్ద స్క్రీనును అలవాటు కొద్దీ డస్టరుతో తుడవబోతే పిల్లలు గొల్లున నవ్వేవాళ్లు. ఆయన ప్రశ్న వేస్తే పిల్లలు ట్యాబులో జవాబు రాసేవాళ్లు. పేర్లు లేకుండా అన్నీ స్క్రీను మీదికి వచ్చేవి, వాటి మీద చర్చ నడిచేది. అంతకుముందు చెయ్యెత్తేది ఎప్పుడూ ముందు బెంచీ మగపిల్లలే.

"పేరు అడిగితే ఆడపిల్లలు నోరు విప్పరు మేడమ్. అడగనని మాటిచ్చి చూడండి," అనేవారు. నిజమే, అదివరకు క్లాసులో ఎన్నడూ వినని జవాబులే ఎక్కువ వాదన రేపేవి. ఇవాళ నా క్లాసులో పిల్లలు మాట్లాడుతున్నారంటే అది ఆయన చలవే.

తామర పురుగు మిరపను ఊడ్చేసిన ఏడాది, తొమ్మిదో తరగతిలో వ్యవసాయం పాఠం. "పంట పోయాక మీ ఇంట్లో ఏం మారింది?" అని అడిగారు. పాలు మానేశామని ఒకరు, అమ్మ కూలికి వెళ్తోందని ఒకరు రాశారు. ఆఖరున ఇంకొకటి వచ్చింది. "నాన్న పురుగుమందు డబ్బా చేలో నుంచి తెచ్చి మంచం కింద పెట్టుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడట్లేదు."

మాస్టారు అది చదివారు. "రేపట్నించి మీ అందరిళ్లకీ వస్తున్నా," అని మాత్రం చెప్పి స్క్రీను ఆపేశారు.

స్టాఫ్‌రూములో నేనన్నాను: "ఆ జవాబు ఏ ట్యాబులోంచి వచ్చిందో చూడొచ్చు, ఏ ట్యాబు ఎవరికిచ్చానో నా దగ్గర రాసుంది సార్. ఐదు నిమిషాల్లో తేలిపోద్ది."

"వద్దు మేడమ్. మాటిచ్చాను. ఇవాళ నేను తప్పితే రేపు ఒక్కరు నోరు తెరవరు. అన్నిళ్లకీ వెళ్తే ఎవరిదో తెలీకుండానే పనయిపోద్ది."

మర్నాడు సాయంత్రం నుంచి బండేసుకుని బయల్దేరారు. హాజరు పట్టీ వరస ప్రకారం రోజుకు ఐదారిళ్లు. మందు డబ్బాలు ఇంట్లో ఉంచొద్దని చెప్పేవారు, ఇంటాయనతో కూర్చుని కాసేపు మాట్లాడేవారు. మా హాజరు పట్టీలో ముందు మగపిల్లల పేర్లుంటాయి, ఆ తర్వాతే ఆడపిల్లలవి. ఎన్నో ఏళ్లు అలాగే పిలిచి అలవాటైన మనిషికి అది తట్టలేదు. నాకూ తట్టలేదు. మగపిల్లల ఇళ్లు పూర్తయిన మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. పట్టీలో చిట్టచివరి పేరు గల అమ్మాయి తండ్రి ప్రాణం తీసుకున్నాడు.

ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నారు, సరే. నేనెవరికీ మాటివ్వలేదే! నా బీరువాలోని నా కాగితం తీసి చూడటానికి నాకేం రోగం? తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆయన మళ్లీ మనిషి కాలేదు. ట్యాబులు అడగడం మానేశారు. పెద్దకర్మ అయ్యాక ఆ అమ్మాయి బడికి వచ్చింది. కొన్నాళ్లకు, "సార్, మళ్లీ ప్రశ్న వెయ్యరా?" అని పిల్లలే అడిగితే కాదనలేక నా చేత ట్యాబులు తెప్పించారు. ప్రశ్నేమీ వేయలేదు. "మీకు తోచింది రాయండి," అన్నారు. ట్యాబులు పంచి నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. వచ్చిన వాటిలో ఒకటి ఇది: "మా ఇంటికి ఎప్పుడొస్తారా అని రోజూ గుమ్మంలో కూర్చుని చూశాను సార్."

రాసిందెవరో అందరికీ తెలుసు. అయినా ఆయన ఆ వైపు చూడలేదు. కిటికీ వైపు తిరిగి, "ఇది రాసింది ఎవరైనా సరే, నన్ను క్షమించాలమ్మా," అన్నారు.

చివరి బెంచీలో ఆ అమ్మాయి లేచింది. ఇంటిపేరుతో సహా తన పేరు గట్టిగా చెప్పింది. "నేనే రాశాను సార్."

 ఆయన కూర్చోమనడం మరిచిపోయారు. బెల్లు కొట్టేదాకా ఆ పిల్ల అలా నిలబడే ఉంది.