అతుకు కింద మొలిచిన మామిడి

నెట్లో నాలుగు వ్యాసాలు చదివితే చాలు, మనిషి సలహాలివ్వడానికి తెగబడతాడు. నేనూ అంతే. హుద్‌హుద్ తుఫానుకు శృంగవరపుకోట దగ్గర అప్పలనర్సమ్మత్త మామిడిచెట్టు విరిగిపడితే, "మొదలుంది కదా అత్తా, అదే చిగురిస్తుంది" అని ఫోన్లో ధీమాగా చెప్పాను. విజయనగరంలో మా కిరాణా కొట్టుకు ఏటా బుట్టెడు పళ్ళు ఆ చెట్టు నుంచే వచ్చేవి. చనిపోయిన ఆమె భర్త స్వయంగా కట్టిన అంటు అది, ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు. నాలుగున్నరేళ్ళకు మళ్ళీ కాసిందని కబురందగానే, మే నెలలో బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు ఆర్టీసీ కాంప్లెక్సులో శృంగవరపుకోట బస్సెక్కితే గంటకు పైగా పట్టింది, టికెట్టు ముప్ఫై చిల్లర. కోటలో దిగగానే ఒకామె ఆకుదొప్పల్లో సారపళ్ళు అమ్ముతోంది. ఇవి మామిడికి అడవిలో ఉన్న చుట్టాలు. "టెంక పారీకు బాబూ, సారపప్పు దాన్లోనే ఉన్నాది," అంది. పది రూపాయల దొప్ప తింటూ షేర్ ఆటోలో ఇరవై నిమిషాల్లో ఊరు చేరాను.

అత్త తొలి కాపును గడ్డిలో మగ్గబెట్టి, ఒక్కటీ ముట్టకుండా ఉంచింది. చెట్టు చుట్టూ ముళ్ళకంచె, నాలుగు వేసవులు బిందెలతో నీళ్ళు.

"నువ్వు సెప్పబట్టే బతికినాది. ముందు నువ్వు తిను."

కొరికాను. నోరు గుంజుకుపోయింది. అంతా పీచే. ఓరి దేవుడా అనుకుంటూ చెట్టు మొదలు చూశాను. అంటు కట్టిన చోట కణుపులా ఉబ్బి ఉంది, కొత్త కొమ్మలన్నీ దాని కింద నుంచే లేచాయి.

"ఏటి బాబూ, ఎలాగున్నాది?"

"పులుపత్తా. మావయ్య కట్టిన కొమ్మ పోయింది. దాన్ని అతికించిన కింది నాటు టెంక మొక్కే మళ్ళీ లేచింది."

ఆమె పండందుకుని కొరికి, నెమ్మదిగా నమిలింది.

"పడిన్నాడు కొమ్మలు పచ్చిగానే ఉన్నాయి. అంటు కట్టించీదా అని నిన్నడిగినాను. అక్కర్లేదన్నావు."

"అన్నాను."

"పొయ్యిలోకెట్టీసినాను."

తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం అన్నం పెట్టి, వెళ్ళేటప్పుడు సంచి నిండా కాయలు కోసిచ్చింది, "పచ్చడికి పనికొస్తాది, పట్టుకెళ్ళు" అని. బస్సులో ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మనిషి పోయాక మిగిలిన ఒక్క రుచి, నా తెలివితేటల వల్ల పోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మీ అంటు చెట్టు పడిపోతే ముందు అతుకెక్కడుందో చూడండి. దాని కింద వచ్చే చిగురు మీ చెట్టు కాదు. పడిన కొమ్మలు పచ్చిగా ఉండగానే నాలుగు పుల్లలు కోసి, తడిగుడ్డలో చుట్టి, అంటు కట్టే మనిషి దగ్గరకు పరుగెత్తండి. నాలాంటివాడికి మాత్రం ఫోన్ చెయ్యకండి.