తాతగారి మీటరు బద్ద

మొన్న మా హాల్లో టైల్సు మార్చడానికి వచ్చిన కుర్రాడు అగ్గిపెట్టెంత యంత్రాన్ని గోడకు గురిపెట్టి ఎర్రచుక్క వేసి, "సరిగ్గా నాలుగు మీటర్లండి! పాత ఇళ్లలో ఇలా ఉండదండి, మేడమ్" అని ఆశ్చర్యపోయాడు. నాకు నవ్వొచ్చింది. ఉంటుంది నాయనా, ఈ ఇంట్లో ఉంటుంది. యానాంలో మావాళ్లు కట్టిన మిగతా ఇళ్లలో ఎంత తక్కువుంటుందో, ఏ ఏడు కట్టారో చెబితే కుర్చీలోంచి లేవకుండా లెక్క చెప్పగలను.

మా అత్తవారిది తరాలుగా తాపీపని. మా మామగారి నాన్నను అందరం తాతగారనేవాళ్లం. ఆయన మేస్త్రీగా మొదలుపెట్టిన పనిని మామగారు బోర్డు కట్టి కంపెనీ చేశారు. మా ఆయన ఆ బోర్డుకి రంగు వేయించారు. మూడో తరం సాధించిన అభివృద్ధి అప్పటికి అంతే. తాతగారు ఫ్రెంచివాళ్ల కాలంలో పని నేర్చుకున్న మనిషి కనుక అడుగులూ గజాలూ ఆయనకి గిట్టవు. వాళ్ల ఆఫీసులోని ఇత్తడి మీటరు పక్కన పెట్టి, నేను కాపురానికి రావడానికి నలభై ఏళ్ల ముందు చెక్కించుకున్న టేకు బద్ద ఒకటుండేది. దానితో కట్టిన మొదటి ఇల్లు మాదే. టేపులంటే ఆయనకి నమ్మకం లేదు, సాగుతాయని. నేలకి కొట్టుకుని బద్ద కొసలు పీచులేచేవి కాబట్టి ప్రతి దసరాకీ వాటిని ఆకురాయితో నున్నగా రుద్ది, పసుపు రాసి, బొట్టుపెట్టి, పూజలో కూర్చోబెట్టేవారు.

నేను ఎనభై ఆరులో కాపురానికొచ్చాను. చదువు ఎనిమిదితో ఆగినా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇటుకల గుట్ట కనిపిస్తే దాటిపోయేలోపు ఎన్నో చెప్పకపోతే నాకు తోచేది కాదు. ఆ ఏడు ఊరి పక్క అడవిపొలంలో ఒక పంతులమ్మగారి ఇల్లు కడుతున్నాం. ఎప్పుడూ తలుపులు చేసే మా వడ్రంగి కంటి ఆపరేషన్ చేయించుకోవడంతో, ద్వారబంధాలూ కిటికీ చట్రాలూ కాకినాడలో చేయించాల్సి వచ్చింది. అవి వచ్చేలోగా తాతగారి బద్దతో కొలిచి ఖాళీలు వదిలి గోడలు లేపేశారు.

సరుకు గురువారం దిగింది. మొత్తం పదకొండు. ఒక్కటీ ఖాళీలో దూరలేదు.

"కాకినాడోళ్లకి చెక్క మీద మమకారం లేదురా. అడ్డంగా పెంచేశారు" అన్నారు తాతగారు.

"ఒకటైతే అనుకోవచ్చు నాన్నా. పదకొండూ అంతేనా?" అన్నారు మామగారు.

"పదకొండూ తప్పే చేశారు. చిత్రిక పట్టించు."

చిత్రిక పడితే తలుపు రెక్క ఆనే గాడి పోతుంది. వెనక్కి పంపితే పది రోజులు. పంతులమ్మగారేమో గుమ్మం ముందు నిలబడి, "ఆదివారం గృహ ప్రార్థనకి పాస్టరుగారొస్తారండి. గోడకి ఆనించిన తలుపుల్ని చూపించమంటారా?" అని అడిగారు. ఆదివారానికి ఇల్లు అప్పగించకపోతే ఊళ్లో ఇంకెవరూ మనల్ని పిలవరని మామగారు అన్నం ముట్టలేదు.

ఆ రోజు క్యారేజీ తెచ్చింది నేనే. కుట్టుపని సంచిలో టేపు ఉంది. మిగతావాళ్లు తింటుంటే ద్వారబంధం కొలిచాను. వెడల్పు సరిగ్గా మీటరు. ఖాళీ కొలిచాను. తొంభై ఎనిమిది సెంటీమీటర్లు. గోడకి చేరేసిన బద్ద కొలిచాను. అదీ తొంభై ఎనిమిదే. నలభై దసరాలు, దసరాకి అర మిల్లీమీటరు. లెక్క ఎక్కడా మిగల్లేదు.

మా ఆయనకి చూపిస్తే ముద్ద ఆపేశారు. "నువ్వు చెప్పకే. నేనూ చెప్పను. మా నాన్నా చెప్పడు."

"మరెవరు చెబుతారండీ?"

"పంతులమ్మగారు."

నేనే వెళ్లాను. "తాతగారూ, బద్ద రెండు సెంటీమీటర్లు అరిగిందండి."

"జాకెట్ల టేపుతో నా బద్దని కొలిచావే?"

"ఆయ్. కొలిచానండి."

"టేపే సాగుంటుంది."

"సాగితే ద్వారబంధాన్నీ తక్కువే చూపించాలి కదండీ?"

ఆయన బద్దని తీసుకెళ్లి ద్వారబంధానికి అడ్డంగా ఆనించి చూశారు. "మరి ఇన్నేళ్లూ ఒక్క తలుపూ పట్టలేదని ఎవడూ అనలేదేం?"

"మన గోడలకి మన బద్దతో చేసిన తలుపులే పెట్టాం కదండీ. రెండూ కలిసే తగ్గాయి."

తాతగారు లేచి పంచె ఎగ్గట్టి, ఉలీ సుత్తీ తెమ్మన్నారు. తన చేత్తో కట్టించిన గోడని మీటరు వెడల్పుకి పక్కన రెండు, రెండు మీటర్ల ఎత్తుకి కింద నాలుగు సెంటీమీటర్లు తనే కొట్టడం మొదలుపెట్టారు. మూడు తరాలూ దుమ్ములో తెల్లబడి ఎవరు తాతో ఎవరు మనవడో తెలియకుండా పోయింది. శనివారం సాయంత్రానికి పదకొండో చట్రం కూర్చుంది. ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ అందరూ కళ్లు మూసుకున్నారు, తాతగారు తప్ప. ఆయన చూపు ద్వారబంధం మీదే.

సోమవారం పొద్దున్నే పెరటి గోడకి వీపు ఆనించి నిలబడి నన్ను కేకేశారు. "అమ్మాయ్, నీ టేపు తే. నన్ను కొలిచి చూడు. పనిలో చేరినప్పుడు దొర కొలిచాడు, మీటరూ డెబ్బై."

కొలిచాను. నమ్మకం కలగక మళ్లీ కొలిచాను.

"ఎంతే?"

"అరవై అయిదండి."

పళ్లు లేని నోటితో ఆయన పకపకా నవ్వారు. "బద్ద రెండు, నేను అయిదు! నేనే గెలిచాను." టేపు నా మెళ్లో వేసి, "రేపట్నుంచి సైటులో కొలతలు నీవే" అన్నారు.

అప్పట్నుంచీ లెక్కలేనన్ని గోడలు కొలిచాను. నా ఎత్తు మాత్రం ఎప్పుడూ కొలిపించుకోలేదు. కాలం నన్ను ఏటా ఎంత రుద్దుతోందో, ఆ ఒక్క అంకె నాకు తెలియకపోయినా ఫరవాలేదు.