మునగాకు వార్చిన నీళ్లు

ఈ రోజు ఆదివారం. నా తప్పు నా చేత్తోనే మన వంటల గ్రూపులో రాయాలని ఇప్పుడే రాస్తున్నాను.

మనవరాలికి రక్తం తక్కువని డాక్టరు చెప్పినప్పటి నుంచి, మా నరసరావుపేట ఇంటి పెరట్లోని మునగాకే వండుతున్నాను. చేదు పోవడానికి ఆకు ఉడికించి, నీళ్లు పారబోస్తాను. ఈ రోజు ఆ గిన్నె మనవరాలు లాక్కుంది. గంజిలో అయోడిన్ కలిపితే ముదురు నీలమైంది; అందులో ఆ నీళ్లు చుక్కలుగా వేసింది. ఆకులోని ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ కావాలట; అది ఉంటే రంగు పోతుందట. పదమూడో చుక్కకు ముదురు నీలమంతా మాయమైంది!

"చూశావా నాయనమ్మా? సత్తువంతా తూములో పోసి నాకు పిప్పి పెడతన్నావ్!"

"నోరు ముయ్యవే. ఇంకోసారి వెయ్యి."

మళ్లీ పదమూడే. అంత ఉడికినా నీళ్లలో ఇంత మిగిలిందంటే, పచ్చి ఆకులో ఎంత ఉంటుందో! చాలాసేపు ఆ చెట్టునే చూస్తూ నిలబడ్డాను.

ఇక జరగాల్సినవి:

1. ఆకును వార్చకుండా, పప్పు దించే ముందు అందులో వేయాలి.
2. మీలో నీళ్లు వార్చేవాళ్లెవరో ఇక్కడ ఒప్పుకోవాలి.
3. "నువ్వే రైటు" అని మనవరాలికి చెప్పాలి. ఇంకా చెప్పలేదు.