అమ్ముడుపోని మానిటర్

కోటబొమ్మాళిలో మాది చిన్న ఫొటో స్టూడియో. మా ఆయన ఫొటోలు తీస్తారు, వాటిని దిద్ది ఆల్బం చేసేది నేను. ఆ ఏడు పొందూరు నేతవాళ్ల ఇంటి పెళ్లి ఆల్బం వెనక్కి వచ్చింది. పెళ్లికొడుకు కట్టిన ఖద్దరు పంచె అచ్చులో నీలంగా పడింది. "మా నూలు ఇలాగుంటాదేటమ్మా?" అని వాళ్ల తాత అదే పంచె తానులోంచి ముక్కొకటి నా చేతిలో పెట్టాడు. నా తెర మీద ఫొటోలో పంచె తెల్లగానే కనబడింది మరి. పైగా ఆ పాత కంప్యూటర్ పెద్ద ఫైలు తెరిస్తే చాలు, ఆగిపోయేది.

విడిభాగాలు కొని కొత్తది కట్టించుకోవడానికి శ్రీకాకుళం వెళ్తుంటే మా అక్క భర్త ఏమేం ఉండాలో కాగితం మీద రాసిచ్చాడు. అన్నిటికంటే పైన పెద్ద గ్రాఫిక్స్ కార్డు. "ఒసే, డబ్బా మూసీసాక లోపలేటి పెట్టారో నీకు తెల్దు. పక్కనే కూకోని సూడు," అన్నాడు.

దుకాణదారు పెద్దవయసు మనిషి. కాగితం చదివి పక్కన పెట్టేశాడు.

"దీంతో ఏటి సేత్తారమ్మా?"

"ఫొటోలు దిద్దుతాను."

"అయితే అంత కార్డు మీకెందుకు? అది ఆటలాడుకునే వాళ్లకి. ర్యామ్ ముప్పైరెండు జీబీ ఏసుకోండి, మంచి మానిటర్ తీసుకోండి. రంగు సరిగ్గా సూపించకపోతే ఎంత మిషనైతే ఏటి లాభం?"

అటక మీంచి దించిన ఆ మానిటర్ అట్టపెట్టె మూల నొక్కుకుపోయి ఉంది. మీద దుమ్ము. నాకు విషయం అర్థమైపోయిందనుకున్నాను.

"ఇది అమ్ముడుపోక మిగిలిపోయిందా?" అని అడిగేశాను.

"అవునమ్మా. ఏడాదై ఉన్నాది. అందరికీ పెద్ద తెర గావాల, రంగులు ఎవులడుగుతారు?" అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అనుమానం ఇంకా పెరిగింది. సంచిలోంచి తాత ఇచ్చిన ఆ పొందూరు పంచె ముక్క తీసి తెర పక్కన పట్టుకుని, పెన్‌డ్రైవ్‌లోని పెళ్లి ఫొటో తెరవమన్నాను. అచ్చులో పడిన ఆ నీలం మొదటిసారి తెర మీద కనబడింది. మానిటర్ తీసుకున్నాను. అయినా మిషను కట్టేంతసేపూ కదలకుండా కూర్చుని, ప్రతి పెట్టె మీది నంబరూ రాసుకున్నాను.

బస్సులో ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే ర్యామ్ పదహారే చూపించింది. వెంటనే ఫోన్ చేశాను.

"సగం ర్యామ్ ఉంచేసుకున్నారు," అన్నాను. హలో కూడా అనలేదు.

ఆయన నెమ్మదిగా, "బస్సు కుదుపులకి ర్యామ్ ముక్కలు రెండిట్లో ఒకటి కదిలుంటాది. కరెంటు తీసీసి, పక్క రేకు ఇప్పి గట్టిగా నొక్కండమ్మా," అన్నాడు.

మా ఆయన నొక్కారు. ముప్పైరెండు వచ్చింది.

ఆల్బం మళ్లీ చేసి పంపాం, తీసుకున్నారు. ఆ మాట అన్నందుకు ఏమీ అనుకోవద్దని చెబుదామని దుకాణానికి ఇంకోసారి ఫోన్ చేశాను. తీరా ఆయన పలికేసరికి, మౌస్‌కి గ్యారంటీ ఎన్నాళ్లని అడిగి పెట్టేశాను.