సగం సగం పోసిన చుక్కల మందు

కరోనాకి రెండేళ్ల ముందు, ఆగస్టు నెలలో, నన్ను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని ఒక చిన్న హెల్త్ యూనిట్‌కి ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నా హోదా సీనియర్ డివిజనల్ మెడికల్ ఆఫీసర్. పేరు చాంతాడంత ఉన్నా పని మాత్రం పొద్దున ఓపీ చూడటం, సిక్ సర్టిఫికెట్ల మీద సంతకాలు పెట్టటం, రాబోయే నెలలకి కావలసిన మందుల జాబితా, అంటే ఇండెంట్, రాసి పంపటం. పిల్లల వైద్యంలో డిప్లొమా చేసినదాన్ని గనక నిమ్‌పురా క్వార్టర్ల నుంచి కూడా చంటిపిల్లల్ని నా దగ్గరికే తెచ్చేవారు.

మాది తెనాలి. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లకి కొదవ లేదని విని సంతోషంగా వెళ్లాను. తీరా వెళ్లాక వాళ్ల తెలుగు మొదటి నెల నాకు సగమే అర్థమయింది. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబాలవి. మా నర్సు శిఖా దీదీ బెంగాలీ ఆవిడ. వాళ్ల మాట నా కంటే ఆవిడకే బాగా తెలిసేది. ఇందులో సిగ్గుపడవలసింది ఉంది, పడ్డాను కూడా.

ఆ ఏడాది చలికాలం చివర్లో మా డాక్టర్ల సమావేశం ఉందని, ఒక్కో యూనిట్ నుంచి ఒక్కో పరిశీలన తీసుకురమ్మని పైనుంచి కాగితం వచ్చింది. నేను విటమిన్ డి ఎంచుకున్నాను. ఒంటికి ఎండ తగిలితే చర్మంలో తయారయ్యే విటమిన్ అది. ఎముకలకి అవసరమని అందరికీ తెలుసు. జబ్బులతో పోరాడే శక్తికి కూడా అది కావాలంటారు. అది తక్కువగా ఉన్న చంటిపిల్లలకి ఊపిరితిత్తుల జబ్బులు ఎక్కువగా వస్తాయని పుస్తకాల్లో ఉంది. చుక్కల మందు పోస్తే ఆ జబ్బులు తగ్గుతాయా అన్నదానికి మాత్రం తగ్గుతాయనీ ఉంది, అంతగా తగ్గవనీ ఉంది. పుస్తకాలు తేల్చలేని విషయం ఒక ఓపీ గదిలో కూర్చుని నేను తేలుస్తాననుకున్నాను. ఆ వయసులో కూడా అంత ఆశ ఉన్నందుకు ఇప్పుడు నవ్వొస్తుంది.

మాటిమాటికీ దగ్గు, ఆయాసంతో వచ్చే పిల్లల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. వాళ్ల రక్తం కలకత్తాలోని ఒక ల్యాబ్‌కి పంపేదాన్ని, రిపోర్టు పది రోజులకి వచ్చేది. ఇరవై కంటే తక్కువుంటే లోటు కిందే లెక్క. లోటున్న పిల్లలకి రోజుకి రెండు వేల యూనిట్లు, లేనివాళ్లకి మామూలుగా ఇచ్చే నాలుగు వందల యూనిట్లు రాసేదాన్ని.

ఆ పుస్తకంలో మొదటి పేరు లాస్య. వర్క్‌షాపులో టెక్నీషియన్‌గా చేసే రమణ కూతురు, అప్పటికి ఏడో నెల. తెచ్చేది ఎప్పుడూ నాయనమ్మే. ఆవిడ పేరు అప్పలనరసమ్మ. కళ్లు పెద్దవి, గొంతు ఇంకా పెద్దది. క్యూలో ఎవరైనా ముందుకి దూరితే బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి, తెలుగులో రెండుసార్లు తిట్టేది. మెడికల్ కార్డు బల్ల మీద పెట్టి, "గుంటకి రొంప వొగ్గనేదమ్మా," అని మొదలుపెట్టేది, పిల్లకి జలుబు వదలటం లేదని. ఆ కార్డులో ఉద్యోగి, అతని భార్య, పిల్లలు, అతని మీద ఆధారపడ్డ తల్లి ఉంటారు. వాళ్లకి తప్ప మరొకరికి ఆ కార్డు మీద మందు ఇవ్వకూడదు.

లాస్య మొదటి రిపోర్టు తొమ్మిది. బాగా లోటు. రెండు వేల యూనిట్లు రాశాను. ఛాతీలో గురగుర ఉందని అయిదు రోజుల యాంటీబయాటిక్ కూడా ఇచ్చాను. నవంబరు మొదట్లో మళ్లీ తెచ్చినప్పుడు కాస్త జలుబు తప్ప పిల్ల కళకళలాడుతోంది. బరువు పెరిగింది, కింద రెండు పళ్లు వచ్చాయి. రక్తం పంపితే ముప్ఫై ఒకటి. మందు గుణం కనబడుతోందని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో గీత గీసి, మోతాదు నాలుగు వందలకి తగ్గించాను.

ఆ తర్వాత నాకు ఏమీ అర్థం కాలేదు. పదిహేను రోజులకి పిల్ల మళ్లీ ఆయాసంతో వచ్చింది, మళ్లీ యాంటీబయాటిక్ రాశాను. బరువు చూస్తే ముప్పావు కేజీ తగ్గింది. కాటా పాడయిందనుకుని బాగుచేసేవాళ్లకి ఉత్తరం రాశాను. వాళ్లు వచ్చి తూకపు రాళ్లు పెట్టి చూసి కాటాలో లోపం లేదని రాసిచ్చిపోయారు. డిసెంబరులో తెచ్చినప్పుడు బరువు మళ్లీ ఉంది, జలుబే గానీ ఆయాసం లేదు. వారానికే మళ్లీ ఆయాసం. అప్పుడు రక్తం పంపితే పదమూడు. వంట్లో విటమిన్ డి అలా ఎక్కి దిగదు. ల్యాబ్‌వాళ్లు సీసాలు తారుమారు చేశారని వాళ్లతో ఫోన్లో గొడవపడ్డాను. ఫార్మసిస్టు చుక్కల సీసాలు ఎండలో పెట్టాడేమోనని అతన్నీ అడిగాను. అతను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత పుట్టింది నాలాంటివాళ్ల కోసమే.

ఇంట్లో మందు సరిగా పోస్తున్నారా అని కూడా అడిగాను. "పొయ్యకేటమ్మా, రోజూ నా సేత్తోనే పోస్తన్నాను," అంది అప్పలనరసమ్మ. అది అబద్ధం కాదు. నేను అడగవలసింది ఆ ప్రశ్న కాదు.

జనవరిలో ఒక పొద్దున, ఓపీ మొదలవకముందే, ఆవిడ క్యూ తప్పించుకుని లోపలికి వచ్చింది. ఎవరినీ తిట్టలేదు. చేతుల్లో పిల్ల దుప్పటిలో చుట్టి ఉంది, తలకి మంకీ టోపీ. ఆ ఊళ్లో కార్తీకం దాటితే చంటిపిల్లల దగ్గర్నుంచి తాతల దాకా అందరికీ మంకీ టోపీయే. కళ్లు, ముక్కు, కాటుక, బుగ్గ మీద దిష్టి చుక్క, ఇంతే కనబడతాయి. చలని నేను కూడా చొక్కా కొంచెం పైకెత్తి స్టెతస్కోపు పెట్టి పంపేసేదాన్ని. ఆ రోజు అలా కుదరలేదు. బట్టలన్నీ తీయించాను. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. గడియారం పెట్టి ఊపిరి లెక్కపెడితే నిమిషానికి డెబ్బై దగ్గర ఉంది. ఆ వయసులో యాభై దాటితేనే న్యుమోనియా అని అనుమానిస్తాం. గొంతు చూద్దామని నోరు తెరిచాను.

చిగుళ్లు నున్నగా ఉన్నాయి. ఒక్క పన్ను లేదు.

కేసు కాగితం తిప్పి చూశాను. కింద రెండు పళ్లు అని నా చేతిరాతే ఉంది. ఆ రెండు పళ్లూ ఏమయ్యాయని అడిగాను. అప్పలనరసమ్మ పిల్ల మీదకి దుప్పటి లాగుతూ, "పడిపోనాయమ్మా," అంది.

పది నెలల పిల్లకి పాలపళ్లు ఊడిపోవని ఆవిడకీ తెలుసు. నలుగురు బిడ్డల్ని పెంచిన మనిషి. ఈ పిల్ల ఎవరని అడిగాను.  మళ్లీ అడిగాను. ఈ పిల్లకి ఇంతకుముందు ఏ మందు ఎంత పడిందో తెలియకుండా నేను వైద్యం చెయ్యలేనని, రైల్వే పెద్దాసుపత్రికి ఏం రాసి పంపనని గట్టిగానే అన్నాను.

"పేరు సెప్తే నా పెద్దోడి నౌకరీకి సేటు. సెప్పకపోతే ఈ గుంటకి సేటు. ఏటి సెప్పమంటారు?" అంది. ఆవిడ గొంతు అంత చిన్నదిగా వినడం నాకు అదే మొదలు.

 శిఖా దీదీ ఆక్సిజన్ గొట్టం పిల్ల ముక్కు దగ్గర పెట్టి, "నామ్ పొరే, మేడమ్. ఆగే ఆక్సిజన్," అంది. పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చని.

ఆ తర్వాతే విషయం బయటికి వచ్చింది. పిల్ల పేరు మౌనిక, రమణ తమ్ముడు కిరణ్ కూతురు. కిరణ్ నిమ్‌పురా యార్డులో కాంట్రాక్టరు కింద కూలి చేస్తాడు, అతనికి రైల్వే కార్డు లేదు. రెండు కాపురాలూ అన్నగారి క్వార్టర్లోనే. పిల్లలిద్దరూ అయిదు వారాల తేడాలో పుట్టారు. లాస్య నిండు నెలల పిల్ల, మౌనిక ఎనిమిదో నెలలోనే పుట్టింది. ఎవరికి బాగోకపోతే వాళ్లని నాయనమ్మ అదే కార్డు మీద తెచ్చేది. పుట్టిన నెలలో తీసిన ఫోటో కార్డు మీద ఉంది. దాన్ని చూసి పిల్లని గుర్తుపట్టటం కన్నతల్లి వల్ల కూడా కాదు. తొమ్మిది, పదమూడు మౌనికవి. ముప్ఫై ఒకటి లాస్యది. రెండు పళ్లూ, ముప్పావు కేజీ కూడా లాస్యవే. లాస్య రిపోర్టు చూసి నేను మోతాదు తగ్గించింది మౌనికకి.

ఇంతవరకు నేను ఊహించుకోగలిగాను. మందు సంగతి మాత్రం ఆవిడ చెబితేనే తెలిసింది. రాసిచ్చిన మందు జబ్బు చేసిన పిల్లకే పోశారు గదా అన్నాను.

"ఇద్దరూ ఒక పక్కమీదే తొంగుంటారమ్మా. ఒకదాయికి పోసి ఒకదాయికి పొయ్యకుండా నాకు సెయ్యాడనేదు. ఇంట్లో ఏటొచ్చినా ఇద్దరికీ సగం సగమే. మందూ అలాగే పోసినాను," అంది. చుక్కల మందే కాదు, యాంటీబయాటిక్ కూడా సగం సగం పోసిందట. మౌనిక న్యుమోనియా ప్రతిసారీ సగం తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఆ పిల్ల జబ్బుకి నేను మూడు నెలలుగా విటమిన్‌లో కారణం వెతుకుతున్నాను. నాకు ఆవిడ మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆవిడ అన్నం పెట్టినట్టే మందూ పోసింది.

పిల్లని అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాలి. కూడా ఒక ఉత్తరం రాయాలి. లాస్య పేరుతో రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ అక్కడి డాక్టరు, నిండు నెలల పిల్ల, యాంటీబయాటిక్, డి చుక్కలు అన్నీ పూర్తిగా పడ్డాయి అనుకుని వైద్యం మొదలుపెడతాడు. నిజం రాస్తే రమణ మీద కేసు.  చివరికి మౌనిక అనే రాశాను. ఎనిమిదో నెలలో పుట్టిందని, మందులన్నీ సగం మోతాదే పడ్డాయని, రైల్వే కుటుంబం కాదు గానీ అత్యవసరం అని రాసి సంతకం పెట్టాను. అత్యవసరమైతే బయటివాళ్లని కూడా చేర్చుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. ఆ మాట ఈ కుటుంబానికి ఎవరూ చెప్పలేదు. అంటే నేను చెప్పలేదు.

మౌనిక తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. రమణ మీద విచారణ జరిగింది. చిన్న శిక్ష కింద అతని ఇంక్రిమెంటు కొన్నాళ్లు ఆపారు. ఉద్యోగం పోలేదు. రోగిని సరిచూసుకోకుండా మందులు ఎలా ఇచ్చారని నాకూ మెమో వచ్చింది. ఆరు నెలలుగా నాయనమ్మను గుర్తుపట్టి పిల్లని గుర్తుపట్టాననుకున్నానని జవాబు రాశాను. దాని మీద పైవాళ్లు ఏమీ అనలేదు.

సమావేశానికి నేను ఏమీ తీసుకెళ్లలేదు. నా పుస్తకంలోని మిగతా పిల్లల్లో ఎవరు ఒక్కరో ఎవరు ఇద్దరో చెప్పగల ధైర్యం నాకు లేకపోయింది. మౌనికకి జబ్బు పదేపదే రావటానికి డి లోటే కారణమా, నెలలు నిండక పుట్టటమా, సగం యాంటీబయాటిక్కా, ఆ గదిలో రాజేసే బొగ్గుల కుంపటా, ఇప్పటికీ నాకు తెలియదు. అన్నీ కొంచెం కొంచెం అయి ఉండవచ్చు.

ఫిబ్రవరి చివర్లో అప్పలనరసమ్మ మళ్లీ వచ్చింది. ఇక రాదనుకున్నాను. చెరో చంకన ఒక పిల్ల, ఎండ ముదిరింది గనక టోపీలు లేవు. "ఈ పాలి ఇద్దర్నీ ఎత్తుకొచ్చినాను. ఏది ఏదో మీరే సెప్పండి," అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నేను ఇద్దరినీ చూశాను. ఇద్దరూ నవ్వుతున్నారు, ఇద్దరికీ కింద పళ్లున్నాయి. కాసేపు ఆలోచించి ఎడమవైపు పిల్ల మౌనిక అన్నాను. తప్పు, మౌనిక కుడివైపు పిల్ల. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. "నాకూ మొదట్లో అలాగే ఉండీదమ్మా," అని మౌనికని బల్ల మీద కూర్చోబెట్టింది. మౌనిక పేరున ప్రభుత్వాసుపత్రికి వేరే ఉత్తరం రాసిచ్చి, ఎవరి సీసా వాళ్లకే, పూర్తిగా, అని మూడుసార్లు చెప్పాను. ఆవిడ మూడుసార్లూ తలూపింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా పద్ధతి ఒకటి మారింది. మందు పోస్తున్నారా అని అడగటం మానేశాను. మీ ఇంట్లో చంటిపిల్లలు ఎంతమంది, ఈ సీసా ఎవరెవరికి పోస్తారు అని అడిగేదాన్ని. మందు పని చెయ్యలేదని రాసేముందు అది ఎవరి నోట్లో పడిందో తెలుసుకోవాలి. నేను ఆ చలికాలమంతా ఆ ఒక్క మాట అడగలేదు.