సత్యలక్ష్మి నాలుకకు సెలవు

క్యాంప్ 2 బస్తీ నుంచి ఫస్ట్ షిఫ్టుకు వెళ్లే కాంట్రాక్టు కార్మికుల్లో సత్యలక్ష్మి ఇడ్లీ తినకుండా ఉక్కు ప్లాంటు గేటు దాటేవాళ్లు తక్కువ. ఇరవై రెండేళ్లుగా ఇంటి ముందు అరుగే ఆమె టిఫిన్ కొట్టు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, నూట ఆరు కిలోలు. బరువు మాట ఎవరైనా ఎత్తితే, "వొండేది బక్కగా ఉంటే ఆ ఇడ్లీ ఎవుడు తింటాడు?" అని నోరు మూయించేది. ఒకరోజు సాంబారు డేగిశా ఎత్తుతుండగా బొడ్డు దగ్గర హెర్నియా పొడుచుకొచ్చింది. దాంతో ఆ ధీమా కాస్తా దిగిపోయింది.

ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు. కానీ ఈ బరువుతో మత్తు ఇవ్వడం ప్రమాదమనీ, పదహారు వారాల్లో తొంభై అయిదుకు దిగి రమ్మనీ చెప్పి, డైటీషియన్ నీలిమ దగ్గరికి పంపాడు. నీలిమ ఈ హిందీ ఊళ్లోనే, సెక్టర్ 2లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. పొద్దున ఒక పొడి ప్యాకెట్టు, రాత్రి ఒకటి నీళ్లలో కలుపుకుని తాగాలంది. అదే భోజనం, దానిమీద మరేమీ తినకూడదు. మధ్యాహ్నం మాత్రం కొలిచి పెట్టుకున్న కూర, గుడ్డు. రెండు వారాలకోసారి రక్తపరీక్ష, తూకం.

సత్యలక్ష్మి దేవుడి పటం ముందు ఒట్టేసి మరీ మొదలుపెట్టింది. నాలుగు వారాలు గడిచాక తూకం నూట అయిదు చూపించింది.

"ఆంటీ, సచ్ సచ్ చెప్పండి. ఇంకేమైనా తింటున్నారా?" అంది నీలిమ.

"నా మీదొట్టు తల్లీ. నువ్వు సెప్పింది తప్ప ఏటీ ముట్టలేదు," అని సత్యలక్ష్మి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ పిల్ల గద్దించలేదు, దొంగను చూసినట్టు చూడనూ లేదు. అందుకు సత్యలక్ష్మి ఇప్పటికీ మనసులో ఆమెకు దండం పెట్టుకుంటుంది. నీలిమ కాసేపు ఆలోచించి, "రేపు ఒక్కరోజు, నోట్లో ఏది వేసుకోబోయినా దాన్ని ఒక గిన్నెలో వెయ్యండి. బస్, అంతే," అంది.

మర్నాడు పొయ్యి పక్కన గిన్నె పెట్టుకుంది. సాంబారులో ఉప్పు చూడబోయి గరిటెడు గిన్నెలో పోసింది. పులుపు కోసం మళ్లీ గరిటెడు. తరవాత చట్నీ, పిండి పులిసిందో లేదో చూసే తొలి ఇడ్లీ, లోపల ఉడికిందో లేదో చూసే గారె ముక్క. తొమ్మిదయ్యేసరికి గిన్నె మీద మూత పట్టలేదు. సత్యలక్ష్మి దాని ముందు చతికిలబడిపోయింది. పాపం, ఆమె అబద్ధమాడలేదు. రుచి చూడడం పని అనుకుందే గాని, తినడమని ఏనాడూ అనుకోలేదు.

మరి ఇక రుచి ఎవరు చూడాలి? భర్త సూర్యప్రకాష్ ఉప్పు ఎక్కువైనా తక్కువైనా మహాప్రసాదమనే రకం. రుచి చూడకుండా వండితే గిరాకీ పోతుంది, చూస్తే ఆపరేషన్ పోతుంది. కొట్టు మూసేద్దామని ఆమె తీర్మానించుకుంటుండగా, డెబ్భై నాలుగేళ్ల అత్తగారు తులసమ్మ ముక్కాలిపీటను పొయ్యి దగ్గరికి ఈడ్చుకుంది.

"గరిటె ఇలగియ్యి. రుచి నాను సూస్తాను, సెయ్యి నువ్వాడించు."

ఆనాటి నుంచి తెల్లవారేసరికల్లా తులసమ్మ పీట మీద హాజరు. కోడలి వంటకు వంక పెట్టడానికి ఏకంగా ఉద్యోగమే దొరికిందావిడకు. "సింతపండు బాగా పిండీసినావు. ఇంగువేదీ?" అంటుంటే సత్యలక్ష్మికి ఒళ్లు మండేది. అలవాటు కొద్దీ చెయ్యి నోటివైపు వెళ్లిందా, గరిటె కాడతో వేళ్ల మీద ఒక్కటి పడేది. పైగా నెల తిరక్కుండానే కార్మికులు, "భాభీ, సాంబార్ మస్త్ హో గయా," అని మెచ్చుకోవడం మొదలెట్టారు. అదొక మంట.

తూకం మాత్రం దిగుతూ వచ్చింది. నూట రెండు, తొంభై తొమ్మిది, తొంభై ఏడు. పదహారో వారం అత్తాకోడళ్లిద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లారు. తొంభై నాలుగున్నర. డాక్టరు పరీక్షల కాగితాలన్నీ చూసి, వచ్చే గురువారానికి ఆపరేషన్ రాశాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక సత్యలక్ష్మి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. "అంతా నీ వల్లే అత్తా. కొట్టు పోకుండా కాసీసినావు."

"కొట్టేటి, దాని మొకం," అంది తులసమ్మ. "మా పెద్దదానికీ ఇలగే ఆపరేసన్ అన్నారు. మత్తిచ్చి లోపలికి తీసికెల్లారు. మల్లీ లెగనేదు."

సూర్యప్రకాష్‌కు ఒక అక్క ఉండేదనీ, చిన్న వయసులోనే పోయిందనీ సత్యలక్ష్మికి తెలుసు. ఎలా పోయిందన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

"నీకూ మత్తు పెమాదం అన్నాడు డాట్రు. ఆ మాటిన్న కాణ్ణుంచి నాకు నిద్దర నేదు. ముసిల్దాన్ని, నానేటి సెయ్యగల్ను? నాలికొక్కటే ఉంది."

ఇన్నాళ్లూ ఆవిడ వంకలు పెట్టడానికే కూర్చుందనుకుని లోలోపల తిట్టుకున్నందుకు సిగ్గు, ఇంత ప్రేమ తనకు దక్కిందన్న సంతోషం ఒక్కసారే సత్యలక్ష్మి మీద పడ్డాయి. జనం చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

"బేస్తవారం నానూ వొస్తాను," అంది తులసమ్మ ఆమె తల నిమురుతూ. "ఆ తలుపు కాడే కూకుంటాను. నువ్వు లెగిసొచ్చిందాకా కదల్ను."