యాభై షెకెళ్ల తూకం

కాటా గాలయ్యకు అరవై ఏడేండ్లల్ల ఇంత తిక్క ఎన్నడు లేవలే. రామన్నపేట అంగడిల నలభై ఏండ్లు మిరపకాయలు, చింతపండు తూచి బతికిన మనిషి. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినంక ఇంట్ల కూసున్నడు. గసొంటోన్ని పట్టుకొని, ప్రైవేటు బడిల లెక్కలు చెప్పే బిడ్డ మమత, యూదుల పాతకాలపు తూకంరాళ్లు చేసియ్యమన్నది. నల్గొండల జిల్లా లెక్కల ప్రదర్శనట. ఏడేండ్ల సంది గా బడిల ఆమెను పట్టించుకున్నోడు లేడు. గీ ఒక్కసారన్న గెలిచి పేరు తెచ్చుకోవాలని ఆమె పంతం.

షెకెల్ అనే చిన్న రాయి ఎన్ని గ్రాములని అడిగితే మొదాలు పదకొండున్నర అన్నది. తెల్లారి పదకొండు పాయింట్ మూడు అన్నది. ఇంకోనాడు ఫోన్ల చూసి, మినా అనే పెద్ద రాయికి యాభై షెకెళ్లనేటోళ్లు ఉన్నరు, అరవై అనేటోళ్లూ ఉన్నరన్నది. మనిషికో మాట చెప్పేది తూకమెట్లయితదని గాలయ్య పొద్దుమాపు గులిగిండు. ఆఖరికి షెకెల్‌కు పదకొండు పాయింట్ నాలుగు, యాభైకి ఒక మినా, అంటే ఐదు వందల డెబ్బై గ్రాములని ఖాయం చేసిండ్రు.

కంసాలి రాంచందర్ దగ్గర చిన్న త్రాసు, గ్రాముల గుండ్లు, మిల్లీగ్రాముల తూకపు రేకులు అడుక్కొచ్చిండు. మూసీల గులకరాళ్లు ఏరి సానరాయి మీద అరగదీసుడే పని. జర ఎక్కువ అరిగిందా, గా రాయి పారెయ్యాలె. ఎనిమిది దినాలకు వేళ్ల తోలు లేసిపోయింది.

ప్రదర్శననాడు మార్కులేసే సావిత్రమ్మ మేడం ముంగట మమత త్రాసు ఒక పళ్లెంల మినా రాయి, ఇంకో పళ్లెంల యాభై షెకెళ్లు పెట్టింది. రెండు సమంగ నిలవాలె. షెకెళ్ల పళ్లెం దిగి కూసున్నది. ఒక రాయి తీస్తె గాని లేవలే. లెక్క తప్పిందమ్మా అని మేడం కాయితం మీద రాసుకొని పక్క బల్లకాడికి పోయింది.

పక్కనే నిలవడ్డ గాలయ్యకు ఒళ్లు మండింది. ఒక్కో రాయిని గుండ్లు, రేకులతోని మల్ల తూచిండు. ఏది పెట్టినా రాయి దిక్కే జర దిగుతాంది. అప్పుడు తెలిసొచ్చింది. అంగడిల ముల్లు సమంగ నిలిస్తే కొనేటోళ్లు ఒప్పరు, సరుకు దిక్కు జర మొగ్గాలె. గా మొగ్గు ఇచ్చిచ్చి అలవాటైన చెయ్యి రాయి రాయికి సుత ఇచ్చింది. ఒక్కోదానికి చిటికెడే, మినాకు ఒక్కసారే, యాభైకి కలిపి పది గ్రాములు. థూ నీ చెయ్యి అని తనను తానే తిట్టుకున్నడు.

"ఇప్పుడు అరగదియ్యనా బిడ్డా?"

"మార్కులేసి పోయిండ్రు బాపూ."

"నలభై ఏండ్లు గాలయ్య మంచిగ తూస్తడని జనం మెచ్చుకున్నది గీ చేతినే. ఇయ్యాల గదే నిన్ను ముంచింది."

మమత రాళ్లు సంచిల పోసుకుంట ఏడ్సింది. గాలయ్య పళ్లెంల మిగిలిన మినా రాయి తీసి ఆమె సంచిల ఏసిండు.